మంచు మందం

చిన్న చప్పుడు.
ఎండుపుల్ల కూడా అంతకంటే గట్టిగా విరుగుతుంది.
హెల్దూర్ వినలేదు,
రేడియోలో సముద్రపు వాతావరణం చెబుతుంటే
అటు చెవి పెట్టి పడుకున్నాడు.
అతని కుడికాలు నా చేతుల్లో ఉంది,
మడమ కింద ఒక అరచెయ్యి, మోకాలి వెనక మరొకటి.
పద్దెనిమిదేళ్లుగా రోజూ ఎవరో ఒకరు వంచినట్టే
నేనూ వంచాను.
అంతే.

నొప్పి అతనికి రాలేదు. రాదు.
వెన్నులో, రొమ్ము ఎత్తున, వంతెన తెగిపోయాక
కింది నుంచి పైకి కబుర్లు అందవు.
దారి తప్పిన ఆ నొప్పి
నా మణికట్టులోకి వచ్చి కూర్చుంది.

"ఏం ఉర్వె, ఆగిపోయావు?"

ఇరవై రెండేళ్లలో
నేను సరిచేసిన కాళ్లన్నీ ఎటు పోయాయో,
గదినిండా ఈ ఒక్క కాలే.

కాసేపటికి అతని నుదుట చెమట,
మెడంతా ఎరుపు, తల పగిలిపోతోందన్నాడు.
నోరులేని కాలు
వేరే వాకిట్లోంచి కేకేసింది.
తలవైపు మంచం పైకెత్తాను, నడుం పట్టీ వదులు చేశాను,
మూత్రపు గొట్టం మెలిక పడిందేమో చూశాను,
బీపీ చూశాను, డాక్టరుకి ఫోన్ చేశాను.
ఇవన్నీ చేతులు చేశాయి.
నేను ఇంకా ఆ చప్పుడు దగ్గరే ఉన్నాను.

ఎక్స్‌రేలో, మోకాలికి నాలుగు వేళ్ల పైన,
వెంట్రుకంత గీత.
చుట్టూ ఎముక సబ్బునురగంత పల్చన.
డాక్టరు కుర్రాడు, టాలిన్ నుంచి కొత్తగా వచ్చాడు.
"ఎలాగూ నడవడుగా, గట్టి కట్టు వేసేద్దాం."
నాకు కోపమొచ్చింది,
చాలా రోజులకి పనికొచ్చే కోపం.
నడవని కాలికీ పనుంటుంది బాబూ.
మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కారుకి
అతను దాటేటప్పుడు తూకం నిలిపేది అదే.
వంకరగా అతుక్కుంటే బూటు ఎక్కదు,
కుర్చీ కుదరదు.
గట్టి కట్టు లోపల పుండు పడితే
అమ్మా అనే దిక్కు అక్కడ లేదు.

దట్టంగా దూది చుట్టి
ఆల్చిప్పలా తెరుచుకునే కట్టు కట్టించాం.
రోజుకి మూడుసార్లు తెరిచి చూడాలి.
డిసెంబరు హాప్సాలులో మూడున్నరకే చీకటి.
ఒక మనిషి మడమ మీద టార్చి వేసి
ముత్యం ఏరుకునేదానిలా వంగి వెతికేదాన్ని,
ఎరుపు, నొక్కితే తెల్లబడని ఎరుపు,
ఉందేమోనని.

మూడో రోజు చెప్పేశాను.
"నా చేతుల్లోనే విరిగింది. నాకు వినపడింది."

అతను చాలాసేపు కిటికీలోకి చూశాడు.
"ఎంత మందం?"
"ఏది?"
"ఎముక. కొలిచారుగా."

పడవల షెడ్డు కప్పు మీంచి పడకముందు
హెల్దూర్ పని మంచుకి కాపలా.
సముద్రం గడ్డకట్టి దీవిదాకా దారి వేసే రోజుల్లో
బెజ్జం తొలిచి, కర్ర దించి,
ఇరవై రెండు సెంటీమీటర్లుంటేనే
కారుని వదిలేవాడు.

రిపోర్టులో అంకె చెప్పాను.
ఈల వేశాడు.
"దీని మీద సైకిల్ని కూడా పోనిచ్చేవాణ్ణి కాదు.
మీరంతా కలిసి
పద్దెనిమిదేళ్లు బండి నడిపించారే!"

నవ్వాడు. నేను నవ్వలేదు.
ఇంటికి వెళ్లి, ఉల్లిపాయ తరుగుతూ,
కత్తి దింపిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

పన్నెండో వారం కట్టు తీశాం.
కాలు నా చేతుల్లోకి వచ్చింది,
పక్షిపిల్లలా తేలిక,
చర్మం మీద ఎక్కడా మచ్చ లేదు.
ఈ ఏడు సముద్రం గడ్డకట్టలేదు,
దీవికి దారి వెయ్యలేదు,
ఆ సంగతి అతను రెండుసార్లు చెప్పాడు.

వంచబోయి సగంలో ఆగాను.

"మంచు మీద నడిమధ్యన ఆగకూడదు ఉర్వె.
నిదానంగా పోవాలి. ఆగకూడదు."

చెయ్యి చాచి రేడియో కట్టేశాడు.
కొంచెం వంచాను.
ఇద్దరం విన్నాం.
కిటికీ బయట ఎవరో
సైకిల్ గంట కొట్టారు.